న్యూజిలాండ్‌లో బాలల మూర్ఛ మందులు: ఒక చరిత్ర

మెదడులోని నాడీకణాల విద్యుత్ సంకేతాలు అదుపుతప్పి, పదేపదే ఫిట్స్ వచ్చే వ్యాధినే మూర్ఛ అంటారు. దీని చికిత్సకు 1857లో లండన్‌లో చార్లెస్ లోకాక్ పేర్కొన్న బ్రోమైడ్ లవణాలు, 1912లో జర్మనీలో వెలుగుచూసిన ఫినోబార్బిటాల్ ఫిట్స్‌ను తగ్గించినా, పిల్లలను మగతలో ముంచేవి. మగత తక్కువగా కలిగించే ఫెనిటోయిన్ 1938లో అమెరికాలో వాడుకలోకి వచ్చింది.

అదే ఏడాది న్యూజిలాండ్ చేసిన సామాజిక భద్రతా చట్టం కింద 1941లో వైద్యులు రాసే మందులు ఉచితంగా అందసాగాయి. ఒక్క మోతాదు తప్పినా ఫిట్స్ తిరగబెట్టగల ఈ వ్యాధిలో, బిడ్డ నోట మందు పోసే తల్లికి ఆ ఏర్పాటు ఎంత ఊరటో ఊహించవచ్చు.

ఏ మందుకు ప్రభుత్వ ధనం వెచ్చించాలో తేల్చే ఫార్మాక్ సంస్థ 1993లో ఏర్పడింది. మూర్ఛకు వాడే లామోట్రిజిన్‌లో, 2019 అక్టోబరు 1 నుంచి లోజెమ్ అనే ఒక్క బ్రాండుకే ఆ సంస్థ నిధులు పరిమితం చేసినప్పుడు, బ్రాండు మార్పు రోగుల కుటుంబాలలో తీవ్ర ఆందోళన రేపింది. పొదుపు అవసరమే అయినా, కుదుటపడిన బిడ్డ మందును మార్చేటప్పుడు జాగ్రత్తే ప్రథమ ధర్మమని ఈ చరిత్ర బోధిస్తుంది.