పసిబిడ్డ రొమ్ములో పాలు: కారణం ఎలా తెలిసిందంటే

పుట్టిన కొద్ది రోజులకు చాలామంది బిడ్డల రొమ్ములు ఉసిరికాయంత ఉబ్బుతాయి. నూటికి ఐదారుగురికి పాలచుక్క కూడా వస్తుంది, మగబిడ్డకైనా సరే. మన ఊళ్లలో చాలాచోట్ల నీళ్లు పోసే అవ్వలు ఆ పాలు లోపల ఉండకూడదని పిండేస్తారు. యూరప్‌లోనైతే మంత్రగత్తెల పాలన్నారు.

కారణం కుందేళ్లు, పావురాల దగ్గర దొరకడం మొదలైంది. 1928లో స్ట్రాస్‌బర్గ్‌లో స్ట్రికర్, గ్రూటర్ పిట్యూటరీ గ్రంథి సారాన్ని కుందేళ్లకు ఎక్కిస్తే పాలు పడ్డాయి. అమెరికాలో ఆస్కార్ రిడిల్ పావురాలను ఎంచుకున్నాడు. ఆడదైనా మగదైనా పావురం మెడ సంచిలో ఊరే పాలలాంటి పదార్థంతో పిల్లల్ని సాకుతుంది. ఆ సంచిని పెంచేదీ, జంతువులకు పాలు తెప్పించేదీ ఒకే హార్మోన్ అని రిడిల్ బృందం గుర్తించి, 1933లో ప్రొలాక్టిన్ అని పేరు పెట్టింది. మనుషుల్లో చిక్కొచ్చింది. మన ఎదుగుదల హార్మోనుకూ పాలు తెప్పించే గుణం ఉంది. ఆ రెండూ వేరని మాంట్రియల్‌లో హెన్రీ ఫ్రీసెన్ వంటివారు తేల్చేసరికి 1970 దాటింది.

ఆ తర్వాత బిడ్డ రొమ్ములో పాల చిక్కూ విడింది. కడుపులో ఉన్నప్పుడు తల్లి నుంచి, మాయ నుంచి వచ్చే ఈస్ట్రోజెన్ వంటి హార్మోన్లు బిడ్డ రొమ్మును పెంచుతాయి. పాలను ఆపి ఉంచేదీ ఆ హార్మోన్లే. బొడ్డు కోయగానే అవి పడిపోతాయి, బిడ్డ సొంత ప్రొలాక్టిన్ మిగులుతుంది. తల్లికి పాలు పడేదీ ఇలాగే. ఒకే కాన్పు ఇద్దరిలోనూ ఒకే పని చేస్తుందన్నమాట! నాకు ఈ కథలో అన్నిటికంటే అపురూపంగా తోచేది ఇదే.

కొన్ని వారాల్లో ఆ వాపు దానంతటదే తగ్గుతుంది. పిండితే మాత్రం రొమ్ము చిట్లి, సూక్ష్మజీవులు చేరి చీముగడ్డ కట్టే ప్రమాదం ఉంది. ఎర్రబడినా, వేడిగా ఉన్నా, జ్వరమొచ్చినా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. ఎదిగిన పిల్లలకు పాలు వస్తే అది వేరే సంగతి: థైరాయిడ్ లోపం, వాంతులకు వాడే కొన్ని మందులు, అరుదుగా పిట్యూటరీ గడ్డ. పరీక్ష చేయించాలి.

దుమ్ముగూడెం, చర్ల అడవి గూడేల్లో పిండవద్దన్న మాట చెప్పగలిగేది ఆశా కార్యకర్త. ఇంటికెళ్లి పసికందును చూసే పద్ధతికి దారి చూపింది ప్రాణహిత అవతలి గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ చేసిన పని. 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది, 2011లో దేశమంతటా పథకమైంది. అందులో 7వ రోజు, 14వ రోజు రాకలు సరిగ్గా రొమ్ము ఉబ్బే రోజుల్లోనే పడతాయి. తల్లితోపాటు నీళ్లు పోసే అవ్వనూ అప్పుడే కూర్చోబెట్టి చెప్పాలి.