తాళాలు ఊళ్లవి, పట్టా ఒకరిది

2019 జూలై. దేశదేశాల హామ్ రేడియో వాళ్ల, అంటే సరదాకి సొంత రేడియో స్టేషన్లు నడిపేవాళ్ల, నెత్తిన పిడుగులాంటి వార్త పడింది. తమ ఉమ్మడి ఆస్తిలో పావు వంతు అమెజాన్ చేతికి వెళ్లిపోయింది. బేరం కుదిరి, డబ్బు చేతులు మారాక గానీ తెలియలేదు.

ఆస్తంటే నేల కాదు, అంకెలు. 1981లో కాలిఫోర్నియా హామ్ హాంక్ మాగ్నస్కీ, ఇంటర్నెట్ నంబర్లు పంచే జాన్ పోస్టెల్‌ను అడిగి, 44తో మొదలయ్యే చిరునామాలన్నీ హామ్‌ల కోసం తెచ్చుకున్నారు. మొత్తం 1,67,77,216. ఆ రోజుల్లో వాటికి ధర లేదు, పోటీ లేదు.

అంకెలు ఎవరికి గుర్తుంటాయి? పేరు కావాలి. 1983లో పాల్ మొకపెట్రిస్ డీఎన్ఎస్ రూపొందించాక, పేర్ల చిట్టా అంతా ఒకే ఆఫీసులో రాసుకునే అవసరం తీరింది. కొమ్మకొమ్మనూ వేరేవాళ్లకి అప్పగించొచ్చు. హామ్‌ల కొమ్మ ఏఎంపీఆర్ డాట్ ఆర్గ్. కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్‌డియేగో క్యాంపస్‌లో పనిచేసిన బ్రయాన్ కాంటర్ దాన్ని ఏళ్ల తరబడి జీతం భత్యం లేకుండా చూసుకున్నారు.

ఒక్కడివల్ల అయ్యే పనా? ప్రాంతానికో కోఆర్డినేటరును పెట్టారు. అంతా వాలంటీర్లే. కోఆర్డినేటరు ఈమెయిల్ పంపేవాడు: కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు), పక్కన ఐఎన్, ఏ అనే డీఎన్ఎస్ గుర్తులు, ఆపైన 44 నంబరు. అవతల చదివేది మనిషి కాదు, ప్రోగ్రాము. పాస్‌వర్డు సరిపోతే చిట్టాలోకి ఎక్కించేది.

కొమ్మను పూర్తిగా అప్పగిస్తే చిట్టా సొంత చేత్తో రాసుకోవాలి. అక్కడే ఉంది తిరకాసు. పూర్తి పేరు రాసి చివర చుక్క మరిస్తే, సర్వరు ఆ కొమ్మ పేరును ఇంకోసారి తగిలిస్తుంది. సీరియల్ నంబరు పెంచకపోతే రెండో సర్వరు పాత చిట్టానే పట్టుకు కూర్చుంటుంది. ఇంత చిన్నవాటికే స్టేషన్లు దొరక్కుండా పోతాయి!

అయినా అప్పగించక తప్పదు. రాయచూరులో మేడమీద యాంటెన్నా ఎత్తిన హామ్‌నే తీసుకోండి. కాల్‌సైన్ వీయూ2తోనో వీయూ3తోనో మొదలవుతుంది. ఆ అంకె లైసెన్సు తరగతిని చెబుతుంది, ఊరిని కాదు. అతను మాన్వికి మకాం మార్చాడో, సెట్టు కట్టేశాడో శాన్‌డియేగోలో ఎవరికి తెలుస్తుంది? తుంగభద్ర ఎడమ కాలువకి నీళ్లు మునీరాబాద్‌లో వదిలినా, సింధనూరు క్యాంపుల దగ్గర ఏ తూము ఎప్పుడెత్తాలో ఎరిగినవాడు అక్కడి కాలువ లస్కరే కదా.

చిత్రమేమిటంటే, తూములు పంచినవాళ్లు పట్టా పంచలేదు. నంబర్ల మీద హక్కు కాంటర్ అధ్యక్షుడిగా ఉన్న ఏఆర్‌డీసీ సంస్థది. 41,94,304 నంబర్ల అమ్మకంతో 10 కోట్ల డాలర్లకి పైనే వచ్చింది. ఆ సొమ్ము గ్రాంట్లుగా హామ్ క్లబ్బులకీ, స్కాలర్‌షిప్పులకీ వెళుతోంది. మంచి పనే. అయినా అన్నేళ్లు చిట్టాలు రాసినవాళ్లందరినీ ముందుగా ఓ మాట అడగాల్సింది. అమ్మకం జరిగిన ఏడాది నవంబరులోనే కాంటర్ కన్నుమూశారు.

జర్మనీ హామ్‌లు టవర్ల మధ్య మైక్రోవేవ్ లింకులతో నడిపే హామ్‌నెట్ నంబర్లు, 44.224తో మొదలయ్యేవి, అమ్మిన పావులోనే పడ్డాయి. బదులుగా 44.148తో మొదలయ్యేవి ఇచ్చారు. ఇక రౌటరు వెంట రౌటరు, నంబర్లు మార్చే చాకిరీ మళ్లీ ఆ ఊళ్ల వాలంటీర్ల మీదే పడింది.