గూఢచారి ఇంటి భాష

గూఢచారి కథలకు ప్రపంచ సాహిత్యములో కొదువ లేదు. రహస్యపత్రములు, మారువేషములు, వెంటాడుటలు, తప్పించుకొనుటలు ఆ కథలకు చిరకాలముగా ముడిసరుకు. 2013 జనవరి 30న అమెరికాలోని ఎఫ్.ఎక్స్. అను టెలివిజన్ సంస్థ ప్రారంభించి, 2018 మే 30న ముగించిన ‘ది అమెరికన్స్’ అను ధారావాహికలోను ఇవి అన్నియు ఉన్నవి. కాని ఆరు భాగములుగా, 75 ప్రకరణములుగా సాగిన ఆ కథను చూచినవారి మనస్సున తుదకు నిలుచునది మారువేషము కాదు. ఒక సామాన్య గృహము, అందులోని వంటగది, అచ్చట తల్లిదండ్రులు బిడ్డలతో మాటలాడు తీరు నిలుచును. ఆ కథ వెనుక దాదాపు నూరేండ్ల నిజమైన చరిత్ర ఉన్నది. రెండింటిని కలిపి చూచినప్పుడు, గూఢచారి తన వృత్తికి చెల్లించు మూల్యములో మొదటిది మాతృభాష అనియు, ఆ మూల్యమును అతనికన్న ఎక్కువగా చెల్లించువారు అతని బిడ్డలనియు తెలియవచ్చును.

రొనాల్డ్ రేగన్ అమెరికా అధ్యక్షుడైన 1981లో కథ ప్రారంభమగును. 1987 డిసెంబరులో గోర్బచేవ్ అణ్వస్త్రముల ఒప్పందమునకై వాషింగ్టన్ వచ్చిన కాలమున ముగియును. ఫిలిప్, ఎలిజబెత్ జెన్నింగ్స్ అను దంపతులు వాషింగ్టన్ పొలిమేరలోని ఫాల్స్ చర్చ్ అను ఊర కాపురమున్నారు. ప్రయాణపు టిక్కెట్లు ఏర్పాటుచేయు ఒక చిన్న సంస్థ వారికి జీవనాధారము. పెయిజ్ అను కుమార్తె, హెన్రీ అను కుమారుడు గలరు. ఇరుగుపొరుగువారి కన్నులకు వారు అచ్చమైన అమెరికనులు. నిజమునకు సోవియట్ కె.జి.బి. పంపిన చారులు. ఒకరినొకరు వరించి పెండ్లాడినవారు కారు, పై అధికారులు జతకూర్చగా వచ్చినవారు. తమ పూర్వజీవితమును పరస్పరము చెప్పుకొనరాదని వారికి ఆజ్ఞ. అంతయు నటనయే అయిన ఆ కాపురములో బిడ్డలు మాత్రము నిజము. పొరుగింటికి కాపురము వచ్చినవాడు ఎఫ్.బి.ఐ. అధికారి. ఈ కథను కల్పించిన జో వైస్‌బర్గ్ 1990 దశకపు తొలి సంవత్సరములలో సి.ఐ.ఏ.లో పనిచేసినవాడు. తోటి ఉద్యోగులు తమ కొలువును గూర్చి కన్నబిడ్డలకే అబద్ధము చెప్పవలసివచ్చుట ఆయన ఎరిగిన సంగతి. కావుననే ఈ కథలో ఆయుధములకన్న అబద్ధములు ఎక్కువ బరువైనవి.

ఇట్టి చారుల చరిత్ర సోవియట్ రాజ్యపు తొలినాళ్లలోనే మొదలైనది. రాయబార కార్యాలయమున ఉద్యోగిగా చేరి రహస్యములు సేకరించు చారుడు పట్టుబడినచో అతనికి దౌత్యరక్షణ గలదు. దేశమునుండి వెడలగొట్టుటతో సరిపోవును. కాని కొత్త సోవియట్ రాజ్యమును చాల దేశములు వెంటనే గుర్తింపలేదు. అమెరికా గుర్తించినది 1933లో మాత్రమే. రాయబార కార్యాలయమే లేనిచోట చారుడు మరొక దేశస్థుని పేరుతో, మరొకని బ్రతుకుతో ప్రవేశింపవలసి వచ్చినది. వీరిని ‘ఇల్లీగల్స్’ అన్నారు. పట్టుబడిన నాడు వీరిని తనవారని చెప్పుకొను రాజ్యము ఉండదు. 1934లో లండనులో కిమ్ ఫిల్బీని సోవియట్ కొలువులోనికి తీసుకొన్న ఆర్నోల్డ్ డాయిచ్ ఈ తరగతివాడే. ఈ పద్ధతికి పునాది చచ్చినవారి పేరు. శైశవముననో బాల్యముననో మరణించిన ఒకరి జననపత్రమును సంపాదించి, దానిపై ఒక కొత్త జీవితమును కట్టుదురు. పేరు కాగితముపై దొరకును, ఉచ్చారణ దొరకదు. అందుచేత ఏండ్ల తరబడి శిక్షణలో ముఖ్యభాగము భాషను సంపాదించుట. దానికి మరొక ముఖమే సొంత భాషను దాచుట.

ఈ వర్గమున ప్రసిద్ధుడు రుడాల్ఫ్ ఆబెల్. ఆ పేరును అతనిది కాదు. అసలు పేరు విలియం ఫిషర్. రష్యనుండి ప్రవాసము వచ్చిన విప్లవవాదుల కుమారుడు. 1903లో ఇంగ్లండులోని న్యూకాసిల్ నగరమున పుట్టినందున ఇంగ్లీషు అతనికి నేర్చుకొనవలసిన భాష కాలేదు. 1957లో న్యూయార్కులో పట్టుబడినాడు. భార్యను, కుమార్తెను మాస్కోలో విడిచి వచ్చిన ఈ చారుడు వారి ఉత్తరములను సూక్ష్మ ఛాయాచిత్రములుగా తనయొద్ద దాచుకొన్నాడు. చదివి నాశనము చేయవలసినవి వానిని. అతని మెలకువకు అందరును ఆశ్చర్యపడిరి. కాని ఆ మెలకువ ఈ ఒక్కచోట సడలినది. ఆ ఉత్తరములు న్యాయస్థానమున సాక్ష్యముగా వచ్చినవి. 1962 ఫిబ్రవరి 10న బెర్లిను చెంత గ్లీనికె వంతెనపై, సోవియట్ గడ్డపై కూలిన విమానచోదకుడు పవర్స్‌కు బదులుగా అతనిని విడిచిపెట్టిరి. మాస్కోలోని అతని సమాధిశిలపై రెండు పేర్లును చెక్కియున్నవి.

ఆబెల్ కుటుంబమును విడిచి వచ్చినవాడు. జాక్ బార్స్కీ అను పేరుతో 1978లో అమెరికా చేరిన తూర్పు జర్మనీవాడు ఇరువైపుల కుటుంబములు గలవాడైనాడు. జర్మనీలో భార్య, కుమారుడు. అమెరికాలో మరొక భార్య, కుమార్తె. 1988లో తిరిగిరమ్మని ఆజ్ఞ వచ్చినప్పుడు, పసికూనయైన ఆ కుమార్తెను విడువలేక, తనకు ఎయిడ్స్ వ్యాధి సోకినదని కె.జి.బి.నే నమ్మించి అమెరికాలో నిలిచిపోయినాడు. 1997లో ఎఫ్.బి.ఐ. అతనిని పట్టుకొన్నది. ఇరువైపుల కాపురములలో ఏ ఒక్కటియు మోసము లేక నిలువలేదు. కుటుంబమును దూరముగ నుంచినచో బెంగ చారుని పట్టియిచ్చును. దగ్గర నుంచుకొన్నచో అబద్ధము ఇంటిలోనికే వచ్చును.

ధారావాహిక ఈ రెండవ మార్గమును తీసుకొని దాని తుద చూచినది. ఆ ఇంటిలో భార్యాభర్తలు ఏకాంతమునను ఇంగ్లీషే మాటలాడుకొందురు. కోపము, దుఃఖము, ప్రణయము అన్నియు అరువు తెచ్చుకొన్న భాషలోనే. రష్యను భాష మనకు వినవచ్చునది ప్రధానముగ సోవియట్ రాయబార కార్యాలయపు గదులలో. అచ్చటివారు దానిని స్వేచ్ఛగా మాటలాడుచుండ, తెర అడుగున ఇంగ్లీషు అనువాదము కనిపించును. ఇంగ్లీషున వ్రాసిన సంభాషణలను రష్యను చేయు పనిని మాస్కోలో పుట్టిన రచయిత మాషా గెస్సెన్ వంటి సమర్థులు నిర్వహించినారు. అనువాదము చేయువారికి ఈ ఏర్పాటులోని అర్థము తట్టక మానదు. దౌత్యరక్షణ గలవానికి మాతృభాష గలదు. అది లేనివానికి ఇదియు లేదు.

మూడవ భాగము చివర, 2015లో ప్రసారమైన ప్రకరణము ఈ కథకు నడిబొడ్డు. అప్పటికి పెయిజ్‌కు తల్లిదండ్రుల నిజము తెలిసినది. మరణించుచున్న తన తల్లిని చూచుటకు ఎలిజబెత్ కుమార్తెను వెంటబెట్టుకొని పశ్చిమ బెర్లిను పోవును. అమ్మమ్మకు ఇంగ్లీషు రాదు, మనుమరాలికి రష్యను రాదు. నడుమనున్న తల్లి తన తల్లికిని తన బిడ్డకును దుబాసియై కూర్చుండును. సొంతవారి మాటలను అనువాదముగా విని ఆ బాలిక కలతపడును. ఇల్లు చేరగనే తన రహస్యమును ఒక మతాచార్యునికి చెప్పివేయును. పై భాగములలో మరొక స్త్రీ దుర్గతియు ఇట్టిదే. ఫిలిప్ మరొక పేరుతో పెండ్లాడి వంచించిన మార్తా అను ఎఫ్.బి.ఐ. కార్యాలయపు ఉద్యోగిని, తుదకు మాస్కోలోని ఒక చిన్న ఇంటిలో ఒంటరిగా కూర్చుండి రష్యను పాఠములు నేర్చుకొనుచుండును. చారుడు దాచిన భాష అతడు మోసగించినదానికి శిక్షగా సంక్రమించినది.

కుటుంబమునకును చారవృత్తికిని గల ఈ ముడి మన ప్రాచీనులకు తెలియనిది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రము స్థిరముగ నుండు చారులలో గృహపతివేషధారిని ఒక తరగతిగా పేర్కొన్నది. ఇరువైపుల జీతము తీసికొను ఉభయవేతనులను నియమించునప్పుడు వారి భార్యాపుత్రులను రాజు తన అధీనమున ఉంచుకొనవలెనని విధించినది. కుటుంబము చారునికి వేషమే కాదు, రాజునకు తాకట్టు కూడ. విశాఖదత్తుని ముద్రారాక్షసములో కథ మలుపు తిరుగునది పసివాని అడుగుతోనే. అమాత్య రాక్షసుని కుటుంబము చందనదాసుని ఇంట దాగియుండును. యమపటము చూపుచు పాడు భిక్షుకుని వేషమున చాణక్యుని చారుడు ఆ ఇంటికి పోగా, అయిదేండ్ల బాలుడు వేడుకపడి వాకిటికి పరుగెత్తును. వానిని లోనికి లాగు స్త్రీ చేతినుండి ముద్రాంగుళీయకము జారి చారుని కాళ్లకడకు దొరలివచ్చును. పెద్దలు కట్టిన గోప్యమునకు బాలుడు బద్ధుడు కాడు. అతడు సమ్మతించి చేరినవాడు కాడు గదా. పెయిజ్ చేసినదియు అదియే.

కథకు ప్రేరణయైన నిజసంఘటన 2010 జూన్ 27న జరిగినది. ఆనాడు అమెరికాలో పదిమంది రష్యను చారులను ఎఫ్.బి.ఐ. పట్టుకొన్నది. వారిలో కెనడా శిశువుల పేర్లతో మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో కాపురమున్న బెజ్రుకోవ్, వవిలోవా దంపతులు ఉన్నారు. వారి పెద్ద కుమారునికి ఆనాడే ఇరువదియవ పుట్టినరోజు. జూలై 9న వియన్నాలో మార్పిడి జరిగినది. ఇంగ్లీషు, ఫ్రెంచి భాషల నడుమ పెరిగిన కుమారులు తామెరుగని దేశమునకు చేరుకొన్నారు. టొరంటోలో పుట్టిన చిన్న కుమారుని పౌరసత్వమును కెనడా 2014లో రద్దుచేసినది. విదేశ ప్రభుత్వ ప్రతినిధుల సంతానమునకు పుట్టుకచేత పౌరసత్వము రాదను నియమమును అధికారులు చూపినారు. ఆ నియమము దౌత్యరక్షణ గలవారికే వర్తించునని, ఈ తల్లిదండ్రులకు అది లేదని 2019 డిసెంబరు 19న కెనడా సుప్రీంకోర్టు తీర్పు చెప్పి, ఆ యువకుని పక్షము నిలిచినది. తల్లిదండ్రులను ఏ రాజ్యమును తనవారనకపోవుటయే బిడ్డకు రక్షణ అయినది.

ధారావాహిక ముగింపులో తల్లిదండ్రులు రైలెక్కి కెనడా సరిహద్దు దాటుచుండగా పెయిజ్ మాటయైన చెప్పక ప్లాటుఫారముపై దిగి నిలిచిపోవును. హెన్రీని వారు ముందే బడిలో విడిచి వచ్చినారు. బిడ్డలను పోగొట్టుకొని మాస్కో చేరిన దంపతులు రాత్రివేళ నగరమును చూచుచు నిలిచినప్పుడు, అలవాటు పడుదుమని ఎలిజబెత్ రష్యను భాషలో అనును. ఎన్నో ఏండ్లకు ఆ భాష వారి నడుమకు తిరిగివచ్చినది. వినుటకు బిడ్డలు లేరు.

అది కల్పన అని ఊరడిల్లుటకు వీలులేదు. 2022 డిసెంబరులో స్లొవేనియాలో అర్జెంటీనావారమని చెప్పుకొని కాపురమున్న రష్యను దంపతులు పట్టుబడిరి. 2024 ఆగస్టు 1న అంకారాలో జరిగిన మార్పిడిలో వారిని, ఇద్దరు పసిబిడ్డలను మాస్కోకు పంపిరి. విమానము లేచిన తరువాతనే తాము రష్యనులమని ఆ బిడ్డలకు తెలిసినదని రష్యా ప్రభుత్వ ప్రతినిధియే చెప్పినాడు. విమానాశ్రయమున ఎదురువచ్చిన దేశాధ్యక్షుడు పుతిన్ వారిని స్పానిష్ భాషలో పలుకరించినాడు. వారికి రష్యను రాదు గనుక అంతకన్న వేరు దారి లేదు.

తల్లిదండ్రులు దేశభక్తులని ఒక రాజ్యము, ద్రోహులని మరొక రాజ్యము తీర్పు చెప్పుకొనవచ్చును. ఆ వాదములో ఆ ఇద్దరు బిడ్డలకు చోటులేదు. వారికి నిజము చెప్పినది తల్లిదండ్రులే. కాని వారు పెరిగిన ఇంటిలో ఆనాటివరకు ఒక్కమాటయైన వినిపించని భాష ఇకమీదట వారి మాతృభాష కావలెను. దానిని వారు అక్షరాభ్యాసము నుండి, పరభాషను వలె, నేర్చుకొనవలసి యున్నది.