స్టెరాయిడ్లు వాడేవారిలో వీడని దగ్గు: క్షయతోపాటు శిలీంధ్రాన్నీ అనుమానించాలి

ఖరగ్‌పూర్‌లో, అది ఇందా అయినా నిమ్‌పురా అయినా, రెండు వారాలు దాటిన దగ్గు అనగానే ముందుగా మెదిలేది క్షయ. మన దేశంలో ఆ అనుమానం న్యాయమైనదే, కఫ పరీక్ష తప్పనిసరే. అయితే దగ్గుతున్న వ్యక్తి మూత్రపిండ మార్పిడి చేయించుకున్నవారో, కీళ్లవాతానికో లూపస్‌కో నెలల తరబడి మందులు వాడుతున్నవారో అయితే మరొక అనుమానం కూడా పక్కనే ఉండాలి. అది శిలీంధ్రం, అంటే ఫంగస్.

శిలీంధ్ర బీజాలను మనమందరం ప్రతిరోజూ పీలుస్తూనే ఉంటాము. కుళ్లిన గడ్డిలో, ఎరువు గుంటలో, చెమ్మ పట్టిన గోడపై ఆస్పర్‌జిల్లస్ పెరుగుతుంది. ఆరోగ్యవంతుల ఊపిరితిత్తుల్లోని రక్షక కణాలు ఈ బీజాలను ఎప్పటికప్పుడు మింగివేస్తాయి. ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్లు ఆ కణాల చురుకుదనాన్ని తగ్గిస్తాయి. మార్పిడి రోగులు వాడే టాక్రోలిమస్, మైకోఫినోలేట్ లింఫోసైట్లను అణచివేస్తాయి. పైగా స్టెరాయిడ్లు జ్వరాన్ని కూడా కప్పిపుచ్చుతాయి. కనుక ఇటువంటి రోగికి జ్వరం స్వల్పంగా ఉన్నదని ఊరట చెందరాదు.

బెంగాల్‌లో నివసించేవారు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన పేరు హిస్టోప్లాస్మా. భారతదేశంలో ఈ వ్యాధిని తొలిసారి నమోదు చేసినది కలకత్తా వైద్యులు పాంజా, సేన్, అది 1954లో. గబ్బిలాల, పక్షుల రెట్టలు కలిసిన మట్టిలో ఈ శిలీంధ్రం జీవిస్తుంది. జ్వరం, బరువు తగ్గడం, ఎక్స్‌రేలో మచ్చలు, ఉబ్బిన లింఫు గ్రంథులు ఉండటం వల్ల ఇది అచ్చంగా క్షయలాగే కనిపిస్తుంది. కీళ్లవాతానికి వాడే టి.ఎన్.ఎఫ్. నిరోధక ఇంజెక్షన్లు తీసుకున్నవారిలో దీనిని సకాలంలో గుర్తించకపోవడం వల్ల మరణాలు సంభవించాయని 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరికను మరింత కఠినం చేసింది.

న్యూమోసిస్టిస్ తీరు వేరు. దీనిని చాలాకాలం ఏకకణ పరాన్నజీవిగా భావించారు. శిలీంధ్రమని 1988లో తేలింది. పొడిదగ్గు, నాలుగడుగులు వేస్తే ఆయాసం, రక్తంలో ఆక్సిజన్ తగ్గుదల దీని గుర్తులు. ఎక్కువ శిలీంధ్ర నాశక మందులు దీనిపై సరిగా పనిచేయవు. చవకైన పాత మందు కో-ట్రైమాక్సజోల్ పనిచేస్తుంది. రోజుకు 20 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి ప్రెడ్నిసొలోన్‌ను నాలుగు వారాలకు పైగా, ముఖ్యంగా ఇతర మందులతో కలిపి వాడేవారికి దీనిని ముందుజాగ్రత్తగా ఇవ్వాలా అన్నది వైద్యులు పరిశీలిస్తారు. ఇంత సులభమైన రక్షణ గురించి రోగులు అడగకపోవడం విచారకరం. సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి ముందే చెప్పాలి.

2021లో తెలుగు రాష్ట్రాలను కలవరపెట్టిన బ్లాక్ ఫంగస్, అనగా మ్యూకర్‌మైకోసిస్, అప్పుడు ఎక్కువగా ముక్కు, కన్ను, దవడలను తాకింది, ఊపిరితిత్తులకూ సోకగలదు. నిజానికి ఆ శిలీంధ్రం నల్లగా ఉండదు, రక్తం అందక చచ్చిన కణజాలం నల్లబడుతుంది. అదుపులేని మధుమేహం, విచక్షణ లేని స్టెరాయిడ్ వాడకం కలిసినచోట అది విజృంభించింది. ఆంధ్రప్రదేశ్ దానిని ఆరోగ్యశ్రీలో చేర్చగా, హైదరాబాద్‌లో కోఠి ఇ.ఎన్.టి. ఆసుపత్రి ప్రధాన చికిత్సా కేంద్రమైంది. ఆంఫోటెరిసిన్-బి కోసం కుటుంబాలు ఊరూరా తిరిగిన రోజులవి.

నిర్ధారణకు ఎక్స్‌రే ఒక్కటే చాలదు. సి.టి. స్కాన్, గాలక్టోమానన్ అనే పరీక్ష, అవసరమైతే బ్రాంకోస్కోపీతో ఊపిరితిత్తులను కడిగి తీసిన నమూనా కావాలి. కఫంలో క్షయ క్రిములు కనబడకపోయినా క్షయ మందులు మొదలుపెట్టి, కొన్ని వారాలైనా గుణం కనిపించకపోతే ఈ పరీక్షల గురించి వైద్యుని అడగాలి.

మందుల మధ్య వైరం మరొక చిక్కు. ఆస్పర్‌జిల్లస్‌కు ఇచ్చే వొరికొనజోల్ రక్తంలో టాక్రోలిమస్ మోతాదును బాగా పెంచుతుంది. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ వొరికొనజోల్‌ను దాదాపు నిరర్థకం చేస్తుంది, టాక్రోలిమస్‌ను కూడా తగ్గిస్తుంది. అందువల్ల ఖరగ్‌పూర్‌లో చూపించుకుని మేదినీపూర్‌కో కోల్‌కతాకో వెళ్లేవారు పాత చీటీలన్నీ, నొప్పులకు దుకాణంలో కొన్న పేరులేని పొడులతో సహా, వెంట తీసుకువెళ్లాలి. ఆ పొడుల్లో స్టెరాయిడ్ కలిసి ఉండవచ్చు.

భయపడి మందులను సొంతంగా మానడం మరింత ప్రమాదం. స్టెరాయిడ్‌ను హఠాత్తుగా ఆపితే రక్తపోటు పడిపోవచ్చు. మార్పిడి చేసిన మూత్రపిండాన్ని శరీరం తిరస్కరించవచ్చు. మోతాదు తగ్గింపు వైద్యుని చేతిలోనే ఉండాలి. పాత క్వార్టర్ గోడలు పగలగొట్టేటప్పుడు, పావురాల గూళ్లు శుభ్రం చేసేటప్పుడు, గడ్డివాము కదిపేటప్పుడు ఇటువంటి రోగులు ఆ చోట ఉండకూడదు. తప్పనిసరైతే గుడ్డ మాస్కు కాక ఎన్-95 ధరించాలి.