గోలకొండలో ఇద్దరు బందీలు

కష్టకాలమున దైవమును నమ్ముకొని యుండవలెనని మన పెద్దలు చెప్పుచుందురు. ఆ నమ్ముకొని యుండుట యెట్టిదో మాత్రము అందఱును ఒక్క తీరుగ చెప్పలేదు. నోరు మెదపక ఓర్చుకొనుటయే విశ్వాసమనియు, మొఱపెట్టుకొనువానికి విశ్వాసము చాలదనియు కొందఱి తలంపు. ఈ విషయమును విచారించుటకు, పదునేడవ శతాబ్దపు చివర ఒకే కోటలో కొద్ది యేండ్ల యెడముతో బందీలైన ఇరువురి చరిత్ర మనకు తోడ్పడును. వారిలో ఒకడు కంచెర్ల గోపన్న. భద్రాచల రామదాసుగా తెలుగువారి యింటింట తెలిసినవాడు. రెండవవాడు అతనిని చెఱలో పెట్టించిన ప్రభువే. అబుల్ హసన్ కుతుబ్ షా, అనగా మన తానీషా. మొదటివాని కథ పిల్లలకు గూడ తెలియును. రెండవవాని కథలో తుదిఘట్టము తెలిసినవారు అరుదు.

గోపన్న స్వగ్రామము నేటి ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లి. అతడు పాల్వంచ పరగణాకు తహసీలుదారుగ నుండి, సర్కారుకు చేరవలసిన శిస్తు సొమ్ముతో భద్రాద్రిపై రామునికి ఆలయము కట్టించెను. ఆ సొమ్ము ఆరు లక్షల వరహాలని సంప్రదాయము. ఇందుకై అతనికి పడిన శిక్షను మతద్వేషముగ చెప్పుట చరిత్రకు సరిపడదు. అప్పుడు గోలకొండలో ప్రధానమంత్రి మాదన్న. అతని సోదరుడు అక్కన్న పెద్ద యధికారి. ఇరువురును బ్రాహ్మణులే, గోపన్నకు బంధువులని ప్రతీతి గూడ కలదు. అసలు కారణము రాజ్యపు శిస్తుపద్ధతిలో నున్నది. బకాయి పడిన యధికారి తన శరీరముతో జవాబు చెప్పుకొనవలసిన కాలమది. 1618 నుండి 1622 వరకు మచిలీపట్నమున నుండిన మెథ్వోల్డ్ అను ఆంగ్లవర్తకుడు, సొమ్ము పూర్తిగ చెల్లింపలేని యొక యధికారిని బెత్తములతో ప్రాణము పోవువఱకు కొట్టిరని వ్రాసియున్నాడు. కావున గోపన్న తిన్న దెబ్బలు కవికల్పన గావు. ఆ కొలువులో నున్నవారందఱును ఎఱిగిన భయమే యది.

చెఱలోని గోపన్న యేమి చేసెను? మౌనము వహింపలేదు. అతని పేరున నిలిచిన కీర్తనలను కొంచెము శ్రద్ధతో వినినచో మనకొక విశేషము తోచును. అవి భక్తుని పాటలే యైనను, వానిలో తహసీలుదారు మఱుగుపడలేదు. ఒక కీర్తనలో అతడు రాముని యెదుట లెక్కల చిట్టా విప్పును. సీతమ్మ పతకమునకును, తమ్ముల నగలకును ఎన్నెన్ని వరహాలు పట్టినవో పద్దు పద్దుగ చదువును. ఎవరి సొమ్మని యిట్లు కులుకుచున్నావని నిలదీయును. వెంటనే నాలుక కఱచుకొని, దెబ్బల బాధ కోర్వలేక తిట్టితిని, కోపగింపకుమని వేడుకొనును. వేఱొక కీర్తనలో సీతమ్మవారి నాశ్రయించి, ఏకాంతమున స్వామికి తనను గూర్చి ఒక్కమాట చెప్పుమని ప్రార్థించును. మొదట లెక్క, పిదప అర్జీ, ఆ మీదట సిఫారసు. సుల్తానుకు చెప్పవలసిన జవాబును అతడు పై కచ్చేరికి నివేదించుకొనినట్లున్నది.

ఇందు విశ్వాసలోప మేమైన కలదా? లేదని మేము తలంచుచున్నాము. వినువాడు లేడని తోచినవాడు తిట్టడు; లేచిపోవును. గోపన్న కోపమంతయు రాముడు ఆ గోడల నడుమ తన యెదుటనే యున్నాడను నిశ్చయము నుండి పుట్టినది. గోలకొండలో రామదాసు బందిఖానాగా నేటికిని చూపు గదిలో గోడపై దేవతామూర్తులు కానవచ్చును. వానిని అతడే మలచెనని జనులు నమ్ముదురు.

విడుదల సంగతి అందఱికిని తెలిసినదే. రామలక్ష్మణులు సేవకుల వేషమున రాత్రివేళ తానీషాను చేరి సొమ్ము చెల్లించి రసీదు పొందిరని కథ. చరిత్రకారుడు ఆ రసీదును చూపలేడు. ఆ కథ యెంత త్వరగ వ్యాపించెనో చూపగలడు. 1767లో జన్మించి తంజావూరు సీమలో జీవించిన త్యాగరాజస్వామి, రామదాసు బంధములు తొలగించిన వార్త తాను వింటినని ఒక కృతిలో రామునికే గుర్తుచేసెను. ఈ కథలో మఱియొక చిత్రమున్నది. రాముడు దర్శనమిచ్చినది పాటలు పాడిన బందీకి గాదు, కొట్టించిన ప్రభువునకు. తానీషాలో ఏదో పుణ్యముండెనని జనులు తలపోయకున్నచో కథ యిట్లు మలుపు తిరిగెడిది కాదు.

ఆ పుణ్యమెట్టిదో ఇప్పుడు చూతము. అబుల్ హసన్ రాజబంధువే యైనను రాజ్యమునకై పెరిగినవాడు కాడు. షా రాజు అను సూఫీ గురువు నాశ్రయించి ఏండ్ల తరబడి పేదతనమున గడపెను. అట్టివాడు అబ్దుల్లా కుతుబ్ షాకు అల్లుడై, 1672లో అనుకొనకయే గద్దె నెక్కెను. పదునైదేండ్లు ఏలెను. 1686లో మాదన్న అక్కన్నలు దారుణముగ వధింపబడిరి. మఱుసటి యేడు ఔరంగజేబు సేనలు గోలకొండను ముట్టడించినవి. సుమారు ఎనిమిది నెలలు కోట లొంగలేదు. 1687 సెప్టెంబరులో ఒక రాత్రి, లంచము తిన్న సేనాని యొకడు లోపలినుండి తలుపు తెఱచెను.

తరువాతి సంగతిని వ్రాసినవాడు మొగలుల పక్షపు చరిత్రకారుడైన ఖాఫీఖాన్. ఓడినవానిని పొగడుటవలన అతనికి లాభము లేదు. అతడు చెప్పినది యిది. శత్రువులు లోపలికి వచ్చిరని వినగానే అబుల్ హసన్ అంతఃపురమునకు పోయి, ఏడ్చుచున్న స్త్రీలను ఓదార్చి, తన తప్పులు మన్నింపుడని కోరెను. పిదప సభామందిరమునకు వచ్చి గద్దెపై కూర్చుండి, పిలువని యతిథులకై వేచియుండెను. వచ్చిన మొగలు సర్దారులను మర్యాదతో పలుకరించెను. భోజనవేళ కాగానే వడ్డింపుమని సేవకుల కాజ్ఞాపించెను. ఇట్టి సమయమున అన్నమెట్లు సహించునని వారు విస్తుపోయిరి. తనకు ప్రాణమిచ్చిన దైవము తన పోషణను ఎన్నడును మఱువలేదనియు, ఒకనాడు బీదతనమును, ఒకనాడు కోరని రాజ్యమును ఇచ్చినది ఆ దైవమే యనియు, నేడు తన పగ్గములు ఔరంగజేబు చేతికిచ్చినందుకు గూడ కృతజ్ఞుడనే యనియు అతడు నెమ్మదిగ బదులు చెప్పెనట.

అతనిని దౌలతాబాదు కోటకు పంపిరి. అతనికై ఏ వేషమునను ఎవరును సొమ్ము తేలేదు. ఏ రసీదును వ్రాయబడలేదు. సుమారు పన్నెండేండ్లు బందీగ నుండి అక్కడనే కన్నుమూసెను. గోపన్న చెఱయు పన్నెండేండ్లే యని చెప్పుకొందురు. పూర్వుల సమాధులు గోలకొండ చెంత వరుసగ నుండగా, కడపటి సుల్తాను సమాధి మాత్రము దూరముగ ఖుల్దాబాదులో నున్నది.

ఇరువురిలో ఒకడు మొఱపెట్టెను. ఒకడు మౌనముగ భుజించెను. ఒకడు విడుదలయ్యెను, ఒకడు కాలేదు. ఫలమును బట్టి విశ్వాసమును తూచినచో తానీషా నమ్మకము వమ్మైనదని చెప్పవలసి వచ్చును. ఖాఫీఖాన్ చూపిన యా రాత్రిని తలంచినచో అట్లనుటకు మనకు నోరు రాదు. దైవమును నమ్ముట విడుదలకు కట్టు శిస్తు కాదు. విడుదల వచ్చినను రాకున్నను మనిషి తన మనిషితనము కోల్పోకుండ నిలుపు ఆధారమది. ఆ యాధారము ఒకనిచేత పాడించును, వేఱొకనిచేత శత్రువునకు స్వాగతము చెప్పించును. కావున కష్టములో నున్నవారు కన్నీరు పెట్టుకొని దేవుని నిందించినచో, వారికి భక్తి లేదని తీర్పు చెప్పుటకు మనము తొందరపడరాదు. మాటలాడక కూర్చున్నవారిని చూచి వారికి బాధ లేదనియు తలంపరాదు.

శ్రీరామనవమినాడు భద్రాచలమున జరుగు కల్యాణమునకు ప్రభుత్వము పక్షమున ముత్యాల తలంబ్రాలు సమర్పించు ఆచారము నేటికిని నడచుచున్నది. దానిని ప్రారంభించినవాడు తానీషాయే యని ప్రతీతి. రామదాసు కట్టించిన గుడిలో తానీషా పేరు చెప్పుకొని తలంబ్రాలు పోయుచున్నారు. చెఱలో పెట్టించినవానిని, చెఱలో నుండినవానిని ప్రజలు ఒకే పందిరి క్రింద నిలిపినారు. వారి కష్టములను, వారి నమ్మకమును ప్రజలు మనకంటె ముందే సరిగ తూచినారని మాకు తోచుచున్నది.