తకావీ నుంచి రైతుభరోసా దాకా

నిజాం కాలంలో వరంగల్ సుబాకు పెద్ద అధికారి సుబేదార్. ఆయన కొలువున్న చోటే హనుమకొండలోని నేటి సుబేదారి. ఆ రోజుల్లో రైతు శిస్తు కట్టేవాడు, సర్కారు తీసుకునేది. ఎదురు వచ్చేది ఒక్క తకావీ. ఎడ్లకో, విత్తనాలకో, బావి తవ్వకానికో ఇచ్చే అప్పు అది. తిరిగి కట్టాల్సిందే.

కౌలుకు దున్నేవాడికి సర్కారు లెక్కల్లో గట్టి చోటు 1950లో దొరికింది. హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం రక్షిత కౌలుదార్లను పేరుపేరునా గుర్తించింది. తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటమే లేకుంటే ఆ చట్టం అంత తొందరగా వచ్చేదని నేననుకోను. తర్వాత కూడా చాలాకాలం పహాణీలో పట్టాదారు పక్కన అనుభవదారుకు ఒక కాలమ్ ఉండేది.

ఆపైన సాయం సరుకు రూపంలో వచ్చింది. ఎన్టీఆర్ హయాంలో మోటారుకు హార్స్‌పవర్ లెక్కన ఏడాదికి 50 రూపాయలే కరెంటు ఛార్జీ. 2004 మే 14న వైఎస్ రాజశేఖరరెడ్డి తొలి సంతకం ఉచిత విద్యుత్తు మీదే. బావుల మీదే బతికే వరంగల్ జిల్లాకు ఇది చిన్న సంగతి కాదు. ఇందులో ఒక గుణం ఉంది: మోటారు పట్టా అడగదు. సబ్సిడీ యూరియా బస్తా ధర కూడా ఎవరు కొన్నా ఒకటే. కౌలుదారుకూ ఎంతోకొంత అందింది.

పట్టా లేని లోటు చావులో బయటపడింది. 1997-98లో పత్తి దెబ్బతిని వరంగల్ జిల్లాలో రైతులు వరసగా ప్రాణాలు తీసుకున్నారు. వాళ్లలో కౌలు రైతులు తక్కువేం కాదు. 2004లో 421 జీవో కింద బాధిత కుటుంబానికి లక్షన్నర సాయం వచ్చింది. కానీ పాసుపుస్తకం లేని ఇంటికి, చనిపోయినవాడు రైతేనని రుజువు చేసుకోవడమే ఒక గండం.

2018 మే 10న మనకు పక్కనే, హుజూరాబాద్ మండలం శాలపల్లి-ఇందిరానగర్‌లో రైతుబంధు మొదలైంది. పంటకు ఎకరానికి 4,000. ఊళ్లో టెంటు వేసి కొత్త పాసుపుస్తకం, చెక్కు కలిపి చేతికిచ్చారు. అప్పు కాదు, రాయితీ కాదు, నేరుగా పైసలు. పెట్టుబడికి షావుకారు గడప తొక్కే పని కొందరికైనా తప్పింది, కాదనలేం. రెండెకరాల పది గుంటల పట్టాకు మొదటి చెక్కు 9,000. అదే భూమిని కౌలుకిచ్చి యజమాని హైదరాబాద్‌లో ఉంటే ఆ 9,000 ఆయనవే; విత్తనం, ఎరువు, కూలీ, పైగా కౌలు డబ్బు దున్నేవాడి నెత్తిన. కౌలుదార్లకు ఇవ్వబోమని ప్రభుత్వం ముందే తేల్చి చెప్పింది. ఈలోగా రికార్డుల ప్రక్షాళనలో, 2020లో వచ్చిన ధరణిలో అనుభవదారు కాలమ్ కనుమరుగైంది. 2019లో వచ్చిన పీఎం కిసాన్ ఏడాదికి 6,000 కూడా పట్టా చూసే పడుతుంది.

ఇది మన ఒక్కరి కథే కాదు. 1933లో అమెరికా ప్రభుత్వం పత్తి సాగు తగ్గించినందుకు డబ్బిచ్చింది. దక్షిణాదిన అది ఎక్కువగా భూస్వాముల దగ్గరే ఆగిపోయింది, పాలుకు చేసేవాళ్లు భూమి నుంచే గెంటుబడ్డారు. మరుసటి ఏడాదే ఆర్కన్సాలో కౌలు రైతుల సంఘం పుట్టింది.

2022 మే 6న ఇదే సుబేదారి ఆర్ట్స్ కాలేజీ మైదానంలో రాహుల్ గాంధీ సభలో వరంగల్ డిక్లరేషన్ ప్రకటించారు: 2 లక్షల రుణమాఫీ, కౌలు రైతుతో సహా ఎకరానికి ఏడాదికి 15,000. ఆయన పార్టీ గెలిచింది. 2024 జులై, ఆగస్టుల్లో మాఫీ మూడు విడతలుగా సాగింది. 2025 జనవరి 26న రైతుభరోసా మొదలైంది, ఏడాదికి 12,000. భూమిలేని కూలీలకూ ఆత్మీయ భరోసా అన్నారు. కౌలు రైతు మాత్రం మళ్లీ మిగిలిపోయాడు.

పేర్లు లేవు, ఎవరికని ఇస్తామనే సాకు చెల్లదు. యజమాని సంతకం లేకుండానే సాగుదారుకు రుణ అర్హత కార్డు ఇచ్చే చట్టం 2011లోనే వచ్చింది. ఊరూరా సభ పెట్టి ఆ కార్డులు రాయించండి, రైతుభరోసాకు అదే జాబితా వాడండి.