వర్చువల్ ప్రపంచంలో పురిటిగది

కంప్యూటర్ తెర మీద త్రీడీలో ఒక కాన్పుల కేంద్రం కట్టి, విద్యార్థుల చేత గర్భిణిగా, మిడ్‌వైఫ్‌గా అవతారాలెత్తించి పురుడు పోయడం నేర్పే పద్ధతికి దాదాపు రెండు దశాబ్దాల చరిత్ర ఉంది. అందులో బాగా పేరుపడింది న్యూజిలాండ్‌లో 2009లో తయారైన ‘వర్చువల్ బర్త్ సెంటర్’. ‘సెకండ్ లైఫ్’ అనే ఆన్‌లైన్ లోకంలో ఒక దీవి మీద దీన్ని కట్టారు.

మంత్రసాని అనగానే మనకు ఊళ్లో చేయి తిరిగిన పెద్దావిడ గుర్తొస్తుంది. న్యూజిలాండ్ మిడ్‌వైఫ్ వేరు. డిగ్రీ చదివి, రిజిస్టరై, సొంత బాధ్యత మీద కాన్పు చేసే నిపుణురాలు ఆమె. డాక్టరు పర్యవేక్షణ అక్కర్లేకుండా మామూలు కాన్పులు చూసే హక్కు 1990 నాటి చట్టసవరణతో అక్కడి మిడ్‌వైఫ్‌లకు దక్కింది. తెలంగాణలో 2017లో కరీంనగర్ ప్రభుత్వాసుపత్రిలో నర్సులకు మొదలుపెట్టిన మిడ్‌వైఫరీ శిక్షణ కూడా మంత్రసాని పనిని చదువుగా మార్చే ప్రయత్నమే.

నిజమైన తల్లి జోలికి పోకుండా ముందు బొమ్మ మీద నేర్పాలన్న ఆలోచన కంప్యూటర్‌తో పుట్టింది కాదు. పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రాన్స్‌లో మదామ్ దు కూద్రే అనే మంత్రసాని గుడ్డ, తోలు, దూదితో స్త్రీ నడుము భాగాన్ని అసలు కొలతల్లో కుట్టించింది. బిడ్డ బొమ్మ, బొడ్డుతాడు, మాయ అన్నీ అందులో అమరుతాయి. బిడ్డకు ముక్కు, చెవులు కుట్టి ఉంటాయి. నోట్లో వేలు పెట్టి చూడవచ్చు కూడా, ఎందుకంటే చీకట్లో చేతికి తగిలింది తలో, పిరుదులో పోల్చుకోవడమే అసలు విద్య. 1759లో పదిహేనో లూయీ రాజు అనుమతి పత్రం ఇచ్చాక ఆమె ఈ బొమ్మతో దేశమంతా తిరిగి వేలమంది పల్లె స్త్రీలకు పని నేర్పింది. ఆ బొమ్మల్లో ఒకటి రువాన్ నగరంలోని వైద్య చరిత్ర మ్యూజియంలో ఇప్పటికీ ఉంది.

ఇక సెకండ్ లైఫ్ సంగతి. శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన లిండెన్ ల్యాబ్ 2003 జూన్‌లో దాన్ని జనంలోకి తెచ్చింది. చూడటానికి వీడియో గేమ్‌లా ఉన్నా అందులో గెలుపోటములు లేవు. స్థలం అద్దెకు తీసుకోవాలి, కావలసింది కట్టుకోవాలి, వచ్చినవాళ్లతో మాట్లాడాలి, అంతే. విశ్వవిద్యాలయాలు ఎగబడ్డాయి. న్యూజిలాండ్ టెర్షరీ ఎడ్యుకేషన్ కమిషన్ ఇచ్చిన నిధులతో 2008లో సెకండ్ లైఫ్‌ను చదువుకు వాడే ‘స్లెంజ్’ అనే పథకం మొదలైంది. అందులో మనుకావ్ విద్యాసంస్థ ఉద్యోగ ఇంటర్వ్యూల సాధనను ఎంచుకుంటే, డ్యునెడిన్‌లోని ఒటాగో పాలిటెక్నిక్ మిడ్‌వైఫరీని ఎంచుకుంది. అక్కడ మిడ్‌వైఫరీ బోధకురాలు సారా స్టీవర్ట్, పరిశోధకురాలు డెబొరా డేవిస్ ఈ పనిలో ముందున్నారు.

మిడ్‌వైఫరీనే ఎందుకంటే, కాన్పు టైంటేబుల్ చూసుకుని రాదు. పైగా దూరదూరంగా ఉన్న చిన్న పట్టణాల విద్యార్థులందరినీ ఒకే పురిటిగదిలోకి చేర్చడం కష్టం, చేర్చినా ఆ తల్లికి ఇబ్బంది.

బర్త్ సెంటర్‌లో మొదట గమనించాల్సింది గది. ఆసుపత్రి లేబర్ రూం తలచుకుంటే నడిమధ్య ఎత్తు మంచం, దాని మీదికి కొట్టే లైటు కళ్ల ముందుకొస్తాయి. అలాంటి గదిలో అడుగుపెట్టగానే గర్భిణి రోగిగా మారిపోతుందనీ, బెదిరితే నొప్పులు మందగిస్తాయనీ మిడ్‌వైఫరీ పరిశోధకులు చెబుతూ వచ్చారు. ఒటాగో బృందం ఈ వాదాన్నే గోడలుగా నిలబెట్టింది: ఇంటిని తలపించే గదులు, కాన్పుకు నీటి తొట్టి, అటూ ఇటూ తిరగడానికి చోటు. ఇటుకలతో కట్టి చూపాలంటే లక్షల డాలర్లయ్యే నమూనాలో విద్యార్థులు బొమ్మ రూపంలో నడిచి తిరగగలిగేవారు.

రెండో భాగం అభినయం. ఒకరు నొప్పులు మొదలైన తల్లి, ఇంకొకరు మిడ్‌వైఫ్. ఎప్పుడు మొదలయ్యాయి, ఎంతసేపటికోసారి వస్తున్నాయి అని అడగాలి, విన్నదాన్నిబట్టి ఏం చేయాలో తేల్చుకోవాలి. వేళ్లతో తడిమి తెలుసుకునే విద్య మౌస్‌తో రాదు. మాటతీరు, నిర్ణయం మాత్రం వస్తాయి. దు కూద్రే బొమ్మ చేతులకు నేర్పితే ఇది నోటికీ బుర్రకూ నేర్పింది.

అదే కాలంలో ఆక్లండ్ విశ్వవిద్యాలయం, అమెరికాలోని బోయిసీ స్టేట్ విశ్వవిద్యాలయం కలిసి సెకండ్ లైఫ్‌లోనే కాన్పయ్యాక వచ్చే రక్తస్రావాన్ని ఎలా అదుపు చేయాలో నర్సింగ్ విద్యార్థులకు నేర్పే పాఠం తయారుచేశాయి. నిముషాల్లో ప్రాణం మీదికొచ్చే పరిస్థితి కాబట్టి ఎవరు ఏ పని అందుకోవాలో ముందే అలవాటు కావాలి. మహాసముద్రానికి అటొకరు, ఇటొకరు ఉండి ఒకే గదిని కట్టడం ఇక్కడి విశేషం.

అవస్థలూ అంతే ఉన్నాయి. మంచి గ్రాఫిక్స్ కార్డు, వేగమైన ఇంటర్నెట్ లేకపోతే బొమ్మ అడుగు కదపదు. విద్యాసంస్థల ఫైర్‌వాల్‌లు సెకండ్ లైఫ్‌ను ఆటల కింద జమకట్టి తలుపులు మూసేసేవి. నడవడం, కూర్చోవడం నేర్చుకోవడానికే కొన్ని గంటలు పడితే కాన్పు దాకా వెళ్లే ఓపిక ఎవరికుంటుంది? దానికి తోడు 2011 జనవరి నుంచి లిండెన్ ల్యాబ్ విద్యాసంస్థలకిచ్చే సగం ధర రాయితీని ఎత్తేసింది. అప్పటికి ఒక దీవి పూర్తి అద్దె నెలకు 295 డాలర్లు. రాయితీని 2013లో తిరిగి ఇచ్చినా, వెళ్లిపోయిన సంస్థలు చాలావరకు వెనక్కి రాలేదు. బర్త్ సెంటర్ ముందుకు పోతోందా, క్షీణిస్తోందా అని స్టీవర్ట్, డేవిస్ 2012లో ఏకంగా ఒక పరిశోధన పత్రం శీర్షికలోనే అడిగారు. సొంత పని మీద ఇలాంటి పత్రం రాయడం విద్యారంగంలో అరుదు.

నిలబడింది మాత్రం ఇంతకంటే సాదా ప్రయత్నం. అంతర్జాతీయ మిడ్‌వైఫ్‌ల దినం మే 5. ఆ సందర్భంగా 2009లో సారా స్టీవర్ట్ 24 గంటల ఆన్‌లైన్ సదస్సు మొదలుపెట్టారు. త్రీడీ లేదు, అవతారాలు లేవు. స్లైడ్లు, గొంతు, పక్కన చాట్ పెట్టె, అంతే. ప్రవేశ రుసుం లేదు, నడిపేది స్వచ్ఛంద కార్యకర్తలు, ప్రసంగాల రికార్డింగులు తర్వాత కూడా దొరుకుతాయి. పాత కంప్యూటర్లోనూ తెరుచుకోవడమే దీని బలం కావచ్చు. విమానం టికెట్ కొనలేని మిడ్‌వైఫ్ కూడా డ్యూటీ దిగి ఇంటికొచ్చాక ఖండాంతర చర్చలో కూర్చోగలిగింది. కోవిడ్ కారణంగా బాలిలో 2020లో జరగాల్సిన అంతర్జాతీయ మిడ్‌వైఫ్‌ల మహాసభ 2021లో ఆన్‌లైన్‌కు మారేనాటికి ఈ సదస్సుకు పదేళ్లు దాటాయి.

త్రీడీ వేరే దారిన తిరిగొచ్చింది. ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయం తయారుచేసిన ‘రోడ్ టు బర్త్’ గర్భంలో వచ్చే మార్పులను, బిడ్డ ఉన్న తీరును కళ్లద్దాల్లాంటి హెడ్‌సెట్‌లోనూ టాబ్లెట్‌లోనూ చూపిస్తుంది. ఇందులో దీవి లేదు, అద్దె లేదు. పొరుగున మరో విద్యార్థి గర్భిణిగా నటించే అవసరమూ లేదు.